శుభం తర్వాత పన్నెండు నిమిషాలు

మా వియ్యంకుడు గారు పోయిన నెలలో కాలం చేశారు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు రెండు కాగితాలు పాడయ్యాయి. నా చేతిరాత మొదటి నుంచీ కోడి కెలికినట్టు ఉంటుంది. మా ఊరి బళ్ళో అయిదో తరగతి దాకా చదివాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. తప్పులుంటే మన్నించి, ఇక్కడి మన తెలుగు పత్రిక వాళ్ళు దిద్ది వేసుకోవాలి.

మాట్లాడటం నాకు ఇంకా చేతకాదు. సంతాప సభ కంప్యూటర్లో పెట్టినప్పుడు మీలో చాలామంది తలా రెండు మాటలు చెప్పారు. నా వంతు వచ్చినప్పుడు నోరు తెరిచి మూశాను. "అంకుల్, మ్యూట్‌లో ఉన్నారు, తీసెయ్యండి" అన్నారు ఎవరో. మైకు బాగానే ఉంది. నాకే మాట రాలేదు. అందుకని రాస్తున్నాను.

ఆయన మా అల్లుడి తండ్రి. నన్ను బావగారూ అనేవారు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. ఇద్దరం భార్యలు పోయినవాళ్ళం. పిల్లల దగ్గర మూడు నెలలు ఉండి పోదామని, కరోనాకి ముందు చలికాలంలో డబ్లిన్ దగ్గర ఈ నేవన్ ఊరికి వచ్చాం. వచ్చాక విమానాలు ఆగిపోయాయి. వీసాలు ఇక్కడి సర్కారు వాళ్ళే పొడిగిస్తూ పోయారు. పిల్లలు పై అంతస్తులో చిన్న గదిలో మా ఇద్దరికీ రెండు మంచాలు వేశారు. అంతకు ముందు, పెళ్ళినాడు ఎదురుకోలులో పానకం ఇచ్చిపుచ్చుకున్నదే గానీ, మేం ఒక పూట కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

ఆయనకి రేపల్లెలో బస్టాండు ఎదురుగా పెళ్ళి వీడియోల షాపు ఉండేది. తీసేదీ ఆయనే, మిక్సింగ్ చేసేదీ ఆయనే. క్యాసెట్ల కాలంలో మొదలుపెట్టి, సీడీలు, డీవీడీలు దాటి, ఫోన్లు వచ్చాక మూసేశారు. ఇక్కడికి వస్తూ జిప్పు ఉన్న సంచి ఒకటి తెచ్చుకున్నారు. దాన్నిండా ఆయన తీసిన పెళ్ళిళ్ళు. ఒక్కో డిస్కూ కాగితం కవర్లో పెట్టి, కవరు మీద పెన్సిలుతో పెళ్ళివారి ఇంటిపేరు రాసుకున్నారు. డిస్కు మీద మాత్రం ఒక్క అక్షరం ఉండదు. సంచితో పాటు ఖాళీ డిస్కులు అమ్మే గుండ్రటి డబ్బా ఒకటి. మధ్యలో పుల్ల, దానికి గారెలు గుచ్చినట్టు డిస్కులు. ఇంకా వైరున్న చిన్న ప్లేయరు, ఎందుకంటే పిల్లల ఇంట్లో డిస్కు పెట్టడానికి ఏ మిషనుకీ చోటు లేదు.

"నాన్నా, ఇవన్నీ మోసుకొచ్చావా! ఇవ్వు, కంప్యూటర్లోకి ఎక్కించేస్తా" అన్నాడు అల్లుడు.

"ఎక్కిద్దాంలేరా. నీ పని చూసుకో ముందు" అనేవారు ఆయన. అల్లుడికి ఆఫీసు, ఆయనకి మొహమాటం. అది అట్లాగే వాయిదా పడింది.

మొదటి లాక్‌డౌన్‌లో ఇంకా కట్టడి గట్టిపడని రోజుల్లో పొద్దుపోక, వంటింటి బల్ల మీద ఆయన నాకు డిస్కుల చదువు చెప్పారు. నాకు ఎంబీలు, జీబీలు తెలియవు. ఆయన అది చూసి కొలతల్లోకి దిగారు.

"బావగారూ, సీడీ ఒక సోల అనుకోండి. ఏడొందల ఎంబీ. డీవీడీ నాలుగు పాయింట్ ఏడు జీబీ. అంటే దాదాపు ఏడు సీడీలు."

"అంటే అడ్డకి సోలెడు తక్కువ" అన్నాను. నాలుగు సోలలు మానిక, పదహారు సోలలు కుంచం, అందులో సగం అడ్డ. ఈ లెక్క నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

"అదీ! డబుల్ లేయర్ డీవీడీ ఎనిమిదిన్నర. పన్నెండు సీడీలు."

"మూడు మానికలు."

"బ్లూరే పాతిక జీబీ. ముప్పై ఆరు సీడీలు పడతయ్."

దీనికి కాసేపు పట్టింది నాకు. "రెండు కుంచాలు పోసి, పైన ఇంకో మానిక."

ఆయన బల్ల మీద చేత్తో కొట్టి, "అమ్మాయ్, మీ నాన్నని మా షాపులో పెట్టుకోవాల్సిందే!" అని కేకేశారు. మా అమ్మాయి లాప్‌టాప్ ముందు మీటింగులో ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకుని, "మామయ్య గారూ, ష్!" అంది.

"అన్నీ ఒకటే సైజు గదా బావగారూ, ఒకదాంట్లో సోలెడు, ఇంకోదాంట్లో రెండు కుంచాలు ఎట్టా పడతయ్?" అని గొంతు తగ్గించి అడిగాను.

"చేను అదే. చాళ్ళు దగ్గర పడినయ్. సీడీకి ఎడంగా దున్నేవాళ్ళు. డీవీడీకి నాగలి సన్నం చేశారు, బ్లూరేకి ఇంకా సన్నం. ఏదైనా లోపల బొడ్డు దగ్గర మొదలుపెట్టి బయటికి దున్నుకొస్తది. అంచు దగ్గర మాత్రం వదిలెయ్యాలి. వేలు తగిలేది అక్కడే, ముందు పాడయ్యేదీ అక్కడే. మన డిస్కు ఏదైనా సరే, అంచు దాకా పొయ్యకూడదు."

టీ కూడా ఆయన అట్లాగే పోసేవారు. కప్పుకి వేలెడు వెలితి. నాకు తక్కువ పోశారేమోనని మొదట్లో అనుకున్నాను. తనకీ అంతే పోసుకునేవారు.

ఆయన తీసిన పెళ్ళిళ్ళు ఇద్దరం కూర్చుని చూసేవాళ్ళం. నాకెవరూ తెలియదు ఆ పెళ్ళిళ్ళలో. తాళి కట్టేది నాలుగు నిమిషాలుంటే బంతి భోజనాలు అరగంట ఉండేవి. ఇదేంటని అడిగాను.

"తాళి ఎవరిదైనా ఒకటే బావగారూ. పప్పులో నెయ్యి పోసుకునేవాడు మాత్రం తన మొహం పడిందా లేదా అని చూసుకుంటాడు. పెళ్ళికొడుకు బాబాయి మొహం కోసేశానని ఒకాయన మా షాపు ముందు ధర్నా చేశాడు" అన్నారు. ఆయన నవ్వితే శబ్దం రాదు. భుజాలు కదులుతాయి.

ఏప్రిల్ దగ్గర్లో ఆయన, ఇక్కడికి గంట దూరాన నేస్‌లో ఉన్న కూతురి ఇంటికి నాలుగు రోజులకని వెళ్ళారు. ఇంతలో ఇల్లు దాటి దూరం పోకూడదన్న నియమం గట్టిగా వచ్చింది. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, రోడ్ల మీద కార్లు ఆపి ఎక్కడికని అడుగుతున్నారు. నాలుగు రోజులు రెండు నెలలైంది.

ఆయన లేక నాకు తోచలేదు. పెరట్లో సంచుల్లో మట్టి పోసి మెంతికూర, కొత్తిమీర, గోంగూర వేశాను. గోంగూర ఈ చలికి రాదన్నారు. కిటికీ లోపల మొలకెత్తించి బయట పెట్టాను, వచ్చింది. రాగానే పావురాలు, కాకుల లాంటి బూడిద మెడ పిట్టలు దిగాయి. ఒక్క పూటలో మెంతికూర మొత్తం పీకాయి. మా ఊళ్ళో జొన్నచేలో కంకి గట్టిపడే వేళకి పాడైన డిస్కులు దారానికి కట్టి వేలాడదీస్తాం. గాలికి తిరిగి తళుక్కుమంటే పిట్ట వాలదు. నా చెయ్యి ఆ అలవాటు మీదే పోయింది. మెట్ల కింద ప్రెస్‌లో, అంటే ఇక్కడివాళ్ళు అల్మారాని అట్లా అంటారు, ఆయన సామాను ఉంది. సంచి జోలికి పోలేదు. అందులోవి పెళ్ళిళ్ళని నాకు తెలుసు. గుండ్రటి డబ్బా తీశాను. ఖాళీవే గదా, పైన కవరు లేదు, రాత లేదు అనుకుని, పైనుంచి ఆరు తీసి, పురికొస కట్టి, కర్రలకి వేలాడదీశాను. పిట్టలు పోయాయి. అమ్మాయి ఫోటో తీసి ఆయనకి పంపుదామంటే, "వచ్చాక చూస్తార్లే" అన్నాను. ఆ రోజు పంపి ఉంటే ఇంకా నయంగా ఉండేదేమో. తెలియదు.

జూన్‌లో ఆయన వచ్చారు. సంచి కింద పెట్టి, నేరుగా వంటింటి తలుపు దగ్గరికి వచ్చి పెరడు చూశారు. గోంగూర మోకాలెత్తు ఉంది. డిస్కులు తిరుగుతున్నాయి. ఆయన చాలాసేపు నిలబడ్డారు. మెచ్చుకుంటారని నేను పక్కన నిలబడ్డాను.

"పిట్టలు పోయినయ్యా బావగారూ?"

"ఒక్కటీ వాలట్లా."

"పోన్లెండి" అన్నారు.

మధ్యాహ్నం ఆయనే ఆరింటినీ విప్పి తెచ్చారు. కుళాయి కింద కడిగి, పాత బనీను గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడిచి, ఒక్కొక్కటే ప్లేయర్లో పెట్టి చూశారు. నేను గోంగూర ఆకు గిల్లుతూ ఎదురుగా కూర్చున్నాను.

"ఖాళీవే గదా?"

"అయిదు ఖాళీవే."

ఆరోది ఏదో పెళ్ళి. వాన నీళ్ళు, ఎండ తిన్నా పెళ్ళి బాగానే వచ్చింది. భోజనాలు అయినాయి, అప్పగింతలు అయినాయి. పూలు రాలి శుభం అని పడింది. అక్కడ ప్లేయరు కిర్రుమంది, బొమ్మ ఆగిపోయింది. ఆయన తీసి, తుడిచి, మళ్ళీ పెట్టారు. మళ్ళీ శుభం దగ్గరే ఆగింది. నాలుగైదు సార్లు చేశారు.

"శుభం పడ్డాక ఇంకేముంటది గనక బావగారూ, వదిలెయ్యండి" అన్నాను నేను.

ఆయన నా వైపు చూసి నవ్వారు. భుజాలు కదల్లేదు. "అవును గదా" అన్నారు. ఆ పూట గోంగూర పచ్చడి వేసుకుని అన్నం తిని, బాగుందని రెండుసార్లు అన్నారు.

నాకు సంగతి తెలిసింది అక్టోబరు చివర్లో, మళ్ళీ ఇళ్ళల్లో ఉండమన్నాక. రోజూ మధ్యాహ్నం ఇద్దరం మాస్కులు కట్టుకుని ఏటి గట్టున నడిచేవాళ్ళం. ఒక రోజు ఆయన షాపు కబుర్లు చెబుతూ చెబుతూ తనంతట తను ఈ కథ ఎత్తుకున్నారు.

కొత్త కెమెరా కొన్న రోజున పరీక్షకని, షాపు వెనక మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న చెల్లెమ్మని తీశారట. చెల్లెమ్మ అంటే ఆయన భార్య, మా వియ్యపురాలు. మొత్తం పన్నెండు నిమిషాలు. ఒక పెళ్ళి డీవీడీకి చివర కాస్త చోటు మిగిలితే, తన కాపీలో శుభం తర్వాత దాన్ని పెట్టుకున్నారు.

"ఆ ఒక్కసారే బావగారూ, అంచు దాకా పోశా" అన్నారు.

తర్వాత జరిగింది పొరపాటు. ముహూర్తాల రోజుల్లో పని మీద పడి, పెళ్ళివారికి కాపీలు తీసేటప్పుడు ఆ డిస్కే పెట్టి తీశారు. పద్నాలుగు కాపీలు వెళ్ళిపోయాయి. వారానికి పెళ్ళికూతురి మేనమామ షాపుకొచ్చి, "ఏమయ్యా, మా పిల్ల కాపరానికి పోయాక మీ ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తందేంది?" అన్నాడట.

ఆయన చెబుతుంటే నేను గట్టు మీద ఆగి నవ్వాను. కుక్కని తిప్పుతున్న ఒకామె మమ్మల్ని చూసి తనూ నవ్వింది.

"మరి చెల్లెమ్మ ఊరుకుందా?"

"ఊరుకుంటదా! ఊరందరికీ నన్ను పంచిపెడతారా అని రెండు రోజులు అన్నం పెట్టలా. ఇంటింటికీ తిరిగి పదకొండు వెనక్కి తెచ్చా. ఆమె ముందే విరిచి చూపించా. మూడు మాత్రం దొరకలా. ఒకటి హైదరాబాదు, ఒకటి బెంగుళూరు, ఒకటి ఈ దేశాలకేనంట, పెళ్ళికొడుకు స్నేహితుడెవరో తెచ్చుకున్నాడు. నాది కూడా విరిచేశానని చెప్పా. విరవలా. ఆమె ఎక్కడ వెతుకుతదోనని ఖాళీ డిస్కుల డబ్బాలో కలిపేశా."

నవ్వుతూ నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. ఆయన నాలుగడుగులు ముందుకు వెళ్ళి, నేను రాలేదని వెనక్కి తిరిగారు.

"ఇట్టా చెప్పి ఉండాల్సింది కాదు బావగారూ. మీరు కట్టకముందే పోయి ఉండొచ్చు. డిస్కుకి కూడా వయసుంటది. సగం పోసిన డిస్కుకి ఎక్కడిదాకా పోశామో గీత కనపడిద్ది. అంచు దాకా పోసినదానికి కనపడదు. మీరు మాత్రం ఎట్టా పోల్చుకుంటారు? పైన రాసుకోకపోవటం నాది తప్పు. సీడీకి ప్రాణం పైపొరలోనే ఉంటది, పెన్ను తగిలితే పోద్ది. డీవీడీకి మధ్యలో ఉంటది, రాసినా ఏం కాదు. తెలిసీ రాయలా. అలవాటు."

ఇంటి దాకా ఆయనే మాట్లాడారు. నేను వింటూ నడిచాను.

మా వైపు మగవాళ్ళం ఒకరినొకరం క్షమించమని అడగం. తప్పయింది అంటాం. ఆ ఒక్క మాట చాలు. అది నా నోట రాలేదు. దానికి బదులు ఆయన మంచం మీద దుప్పటి నేనే మడతపెట్టేవాణ్ణి. పొద్దున్నే నేనే టీ పెట్టి, వేలెడు వెలితి ఉంచి ఇచ్చేవాణ్ణి. ఆయనకి అర్థమైందని నేను అనుకునేవాణ్ణి. చెప్పకుండా అనుకోవటం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

క్రిస్మస్ తర్వాత ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చాయి. మాకు తగ్గింది. ఆయనకి దగ్గు తగ్గలేదు. జీపీ డాక్టరమ్మ ఫోన్లోనే విని అంబులెన్సు పంపించింది. గుమ్మం దగ్గర ఆయన మాస్కు సర్దుకుంటూ, "దూరంగా ఉండండి బావగారూ" అన్నారు.

"స్వెట్టర్ వేసుకున్నారా?" అన్నాను.

"వేసుకున్నా."

మేం ఎదురెదురుగా మాట్లాడుకున్నది అదే ఆఖరు.

ఆస్పత్రికి ఎవరినీ రానివ్వలేదు. నర్సు రోజూ సాయంత్రం వీడియోలో చూపించేది. ఎట్లా ఉన్నారంటే "గ్రాండ్, హీ ఈజ్ గ్రాండ్" అనేది. బాగుందనటానికి ఇక్కడ అందరూ అన్నిటికీ ఆ మాటే అంటారు. ఆ అమ్మాయి అది చెప్పేటప్పుడు కళ్ళు పక్కకి తిప్పుకోవటం నేను చూశాను. ఒక సాయంత్రం మా అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టి, "నాన్నా, నువ్వూ మాట్లాడు. వింటున్నారు" అంది. ఆయన మొహానికి గొట్టం ఉంది. నన్ను చూసి కనుబొమలు ఎత్తారు.

"తిన్నారా బావగారూ?" అన్నాను.

తినే పరిస్థితిలో లేని మనిషిని అదేం అడగటం. ఆయన మెల్లగా తలాడించారు. రెండో రోజు పొద్దున్న ఫోను వచ్చింది.

దహనానికి పది మందికే అనుమతి. డబ్లిన్ వెళ్ళే దారిలో క్లోనీ దగ్గర కిటికీల్లేని పెద్ద పెద్ద కట్టడాలున్నాయి. లోకంలో అందరి ఫోటోలు, వీడియోలు వాటిల్లోనే దాస్తారని ఆయనే నాకు చూపించి, "ఇది ఎన్ని కుంచాల గాదె బావగారూ, లెక్కెయ్యండి చూద్దాం" అన్నారొకసారి. ఆ రోజు శవం బండి వెనక పోతూ మళ్ళీ చూశాను. అంత గాదెలోనూ ఆ పన్నెండు నిమిషాలు లేవు గదా అనిపించింది.

పదకొండో రోజు అయ్యాక అల్లుడు ఆయన సామాను తీశాడు. గుండ్రటి డబ్బా బల్ల మీద పెట్టుకుని ఒక్కో డిస్కూ వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు.

"మామయ్యా, వీటిలో అమ్మది ఒకటి ఉందని చాలా ఏళ్ళ కిందట అన్నాడు నాన్న. అది ఏ డిస్కో మీకేమన్నా చెప్పాడా?"

ఆయన కొడుక్కి చెప్పలేదు. జూన్ నుంచి జనవరి దాకా ఒకే ఇంట్లో ఉండి, నా పేరు బయటపెట్టలేదు.

అప్పుడు చెప్పాను. బతికి ఉన్న ఆయనకి చెప్పలేని మాట ఆయన కొడుక్కి చెప్పాను. "నేనే కట్టాను బాబూ, పిట్టలకి. తప్పయింది."

అల్లుడు డబ్బాలో వెతికి దాన్ని తీశాడు. ఆ డిస్కు పెట్టి చూశాడు. శుభం దగ్గర ఆగింది. డబ్లిన్‌లో ఇలాంటివి బాగుచేసే వాళ్ళకి పంపాడు. అంచు పొర ఊడిందనీ, ఏమీ రాదనీ చెప్పి తిప్పి పంపారు. ఆ కవరు విప్పిన రోజు వంటింట్లో నా పక్కన కూర్చుని, "అమ్మ గొంతు నాకు గుర్తుందనే అనుకుంటూ వచ్చా మామయ్యా. ఇప్పుడు ఒక్క మాటన్నా ఆమె అన్నట్టు అనుకుందామంటే రావట్లా" అన్నాడు. నలభై ఏళ్ళ మనిషి. లేచి ముఖం కడుక్కుని మళ్ళీ ఆఫీసు మీటింగుకి వెళ్ళాడు.

ఊరందరి పెళ్ళిళ్ళూ తీసిన మనిషి, తన ఇల్లాలిని తీసింది ఆ పన్నెండు నిమిషాలే. ఫోటోలున్నాయి. మాట లేదు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. దొరకని మూడు కాపీల్లో ఒకటి ఈ దేశాల వైపు వచ్చిందన్నారు. మీరో, మీకు తెలిసినవాళ్ళో ఆ పెళ్ళికి వెళ్ళి ఉండొచ్చు. కవరు పసుపు రంగుది, మీద రెండు చిలకల బొమ్మ ఉంటుంది. షాపు పేరు, పెళ్ళివారి ఇంటిపేరు పత్రిక వాళ్ళకి ఇచ్చాను. అటకల మీద, పెట్టెల అడుగున, రేపల్లె వైపు చుట్టాల ఇళ్ళల్లో ఒకసారి చూడండి. మీ ఇంట్లో ప్లేయరు లేకపోతే ఆయనది మా దగ్గరుంది, తీసుకుని వస్తాను. నేవన్ నుంచి ఎంత దూరమైనా, తిరగనిచ్చిన రోజున వస్తాను.

దొరికితే పెళ్ళంతా చూడక్కర్లేదు, చివరికి వెళ్ళండి. పూలు రాలతాయి, శుభం అని పడుతుంది. అక్కడ ఆపకండి. తెర కాసేపు నల్లగా ఉంటుంది, డిస్కు అయిపోయిందనిపిస్తుంది. ఉండండి. మెట్టు మీద ఒకామె కూర్చుని ఉంటుంది, ఒళ్ళో చేట, చేటలో చిక్కుడుకాయలు. కొత్త కెమెరా అయితే నన్ను తీయటమెందుకు, దండగ అంటుంది. తర్వాత కెమెరా సంగతి మర్చిపోయి, పక్కింటి గేదె ఈనిన కబురు మొదలుపెట్టి, అది చెబుతూ చెబుతూ తలెత్తి, "ఏమండీ, ఇంకా తీస్తన్నారా?" అని అడుగుతుందట.

ఆ మాట మీ ఇంట్లో వినపడితే నాకు ఒక్క ముక్క రాయండి. చెప్పానుగా, డిస్కులకి వయసుంటుంది, నాకూ ఉంది. కాస్త తొందరగా రాయండి.